శేషాచలం పేరితకు చట్టం ఉంది, కాపలా లేదు

వన్యప్రాణి సంరక్షణ చట్టం అనగానే మనకు పులి, నెమలి, కృష్ణజింక గుర్తొస్తాయి. జింకను వేటాడిన కేసులు టీవీలో చూసీ చూసీ ఆ చట్టం జంతువులకే అనుకుంటాం. కానీ 1972లో చేసిన ఆ చట్టానికి 1991లో సవరణ తెచ్చినప్పుడు మొక్కల కోసం ఒక అధ్యాయాన్ని ప్రత్యేకంగా చేర్చారు. ఆరో షెడ్యూల్ అని పెట్టి అందులో ఆరంటే ఆరే పేర్లు రాశారు. హిమాలయాల నుంచి అండమాన్ దాకా వేల రకాల మొక్కలున్న దేశంలో ఆరింటికే ఆ చోటు దక్కింది. ఆ జాబితాలో మొట్టమొదటి పేరు మన శేషాచలం కొండల మొక్కది, సైకస్ బెడ్డోమీ. ఇక్కడివాళ్లు పేరిత అంటారు, మందు కోసం వెతికేవాళ్లు మదనకామాక్షి అని కూడా అంటారు.

ఇంగ్లిష్ అక్షర క్రమంలో రాయడం వల్ల ముందు వచ్చింది తప్ప అది మొదటి ర్యాంకు ఏమీ కాదు. అయినా దాని పక్కన ఏమున్నాయో చూడండి. నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ అనే ఆర్కిడ్లు, కుష్ఠు అనే హిమాలయాల మందు మొక్క, పురుగులను పట్టి తినే మేఘాలయ పిచ్చర్ ప్లాంట్. ఆ వరసలో మన రాయలసీమ రాళ్ల మీద పెరిగే మొక్క కూడా ఉందంటే, ముప్పై ఏళ్ల క్రితమే ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు దాని పరిస్థితి ఎంత ప్రమాదంగా కనిపించిందో అర్థమవుతుంది. 2022లో చట్టాన్ని మళ్లీ సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది, రక్షిత మొక్కల జాబితా మూడో షెడ్యూల్‌లోకి మారింది, జరిమానా పరిమితి 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెరిగింది. పేరిత పేరు అలాగే ఉంది. దేశాల మధ్య మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలోనూ అంతే. సైకస్ ప్రజాతిలోని మిగతా మొక్కలన్నిటినీ రెండో అనుబంధంలో పెట్టి, ఒక్క పేరితను మాత్రం అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధంలో పెట్టారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో అది అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్క.

కాబట్టి కాగితం మీద దీనికి తక్కువేమీ కాలేదు. నా వాదన ఏమిటంటే, ఇంకో కొత్త చట్టం, ఇంకో కొత్త హోదా ఈ మొక్కకు అక్కర్లేదు. కొండ మీద దాన్ని తినేస్తున్నవి ముఖ్యంగా రెండు: మందు పేరుతో జరిగే కోత, ఏటా ఎండాకాలం వచ్చే నిప్పు. రెండూ మనం ఆపగలిగినవే, పెద్ద ఖర్చు కూడా కాదు. ఆపలేకపోతున్నామంటే కారణం, మన అడవుల్లో కాపలా అనేది మొక్క ఎంత అరుదు అన్నదాన్ని బట్టి కాకుండా దాని కిలో ధర ఎంత అన్నదాన్ని బట్టి నడుస్తోంది.

ముందు మొక్క గురించి చెప్పుకుందాం, ఎందుకంటే తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లలో కూడా దీన్ని గుర్తుపట్టేవాళ్లు తక్కువ. ఇళ్ల ముందు, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర, ఫంక్షన్ హాళ్లలో కుండీల్లో కనిపించే సైకస్ మొక్క మనందరికీ తెలుసు, అది సైకస్ రెవల్యూటా, జపాన్ వైపు నుంచి వచ్చింది. దాన్ని వేలకు వేలు పోసి కొని పెంచుకుంటాం. దానికి దగ్గరి చుట్టమైన మన సొంత మొక్క మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. తిరుమల కొండల నుంచి కడప కొండల వరకూ ఉన్న ఈ కాస్త మేరలోనే, తిరుపతి, కడప వైపు కొండల మీదే ఉంటుంది. పొట్టి మాను, చాలా వరకు మనిషి నడుము ఎత్తు కూడా దాటదు, నెత్తిన చుట్టూ విచ్చుకున్న పొడవాటి ఆకులు, ఆకు మీద సన్నని గట్టి రెక్కలు. దూరం నుంచి చూస్తే చిన్న ఈత చెట్టు అనుకుంటాం. కానీ దీనికి ఈతతో ఏ సంబంధమూ లేదు, ఇది పువ్వే పూయని మొక్కల జాతి, దేవదారు, పైన్ చెట్లకు దగ్గర.

మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖను చాలా ఏళ్లు నడిపిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ ఈ మొక్కను కడప కొండల్లో సేకరించారు. లండన్ దగ్గర క్యూ తోటల్లో పనిచేసిన థిసెల్టన్ డయ్యర్ 1883లో దీన్ని కొత్త జాతిగా వర్ణించి ఆయన పేరు పెట్టారు. అంటే శాస్త్రానికి ఇది తెలిసి 140 ఏళ్లు దాటింది.

ఇది దట్టమైన అడవిలో నీడ చాటున పెరిగే మొక్క కాదు. ఎండ బాగా తగిలే, రాళ్లు తేలిన, గడ్డి ఎక్కువగా ఉండే వాలు నేలల్లో పెరుగుతుంది. మన అధికారుల లెక్కలో, మనలో చాలామంది లెక్కలో కూడా, అడవి అంటే పెద్ద చెట్లు. చెట్లు లేని రాళ్ల గుట్ట కనిపిస్తే బీడు అంటాం, ఖాళీగా ఉంది కాబట్టి ఏదో ఒకటి నాటేద్దాం, లేదా రోడ్డో టవరో వేసేద్దాం అనుకుంటాం. శేషాచలంలో ఈ కొండలకే ప్రత్యేకమైన మొక్కలు కొన్ని అలాంటి ‘ఖాళీ’ చోట్లలోనే ఉన్నాయి. మట్టి పెద్దగా లేని రాతి పగుళ్లలో పేరిత బతకగలుగుతోందంటే దానికి ఒక ఏర్పాటు ఉంది. సైకస్ మొక్కల వేళ్లలో కొన్ని పగడపు కొమ్మల ఆకారంలో పైకి పెరుగుతాయి, వాటిలో ఉండే సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. తన ఎరువు తానే చేసుకునే మొక్క అన్నమాట. అంత కష్టమైన చోట నిలబడటం నేర్చుకున్న మొక్క మన చేతిలో పడి ఇబ్బంది పడుతోంది.

ఇలాంటి మొక్కల గురించి రాసేటప్పుడు అందరూ డైనోసార్ల కాలం నుంచి ఉంది అంటారు. అది సగమే నిజం, ఆ సగం వల్ల నష్టం కూడా ఉంది. సైకాడ్‌ల వంశం, అంటే సైకస్, దాని చుట్టాలన్నీ కలిసిన వంశం, నిజంగానే డైనోసార్ల కంటే పాతది. కానీ ఈ రోజు భూమ్మీద ఉన్న సైకాడ్ జాతుల్లో చాలా భాగం గత కోటీ ఇరవై లక్షల ఏళ్లలోనే కొత్తగా విడివడి పుట్టినవని 2011లో వచ్చిన జన్యు పరిశోధన చూపించింది. వంశం పాతదైతే అందులో ప్రతి జాతీ గట్టిదని కాదు. ఉల్కలు పడ్డా బతికిన మొక్కకు మనవల్ల ఏమవుతుందిలే అనే ధీమా నేను చాలామందిలో చూశాను. కానీ పేరిత కథ ఈ రెండు మూడు జిల్లాల కొండల కథ, ఇక్కడ పోతే వేరే ఎక్కడినుంచో వచ్చి మళ్లీ మొలిచే అవకాశం లేదు.

ఇప్పుడు కోత సంగతి. పేరితలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్క నడినెత్తి మీద పెద్ద మొక్కజొన్న పొత్తులా ఒక శంకువు వస్తుంది, అందులో పుప్పొడి ఉంటుంది. ఆడ మొక్కకు శంకువు ఉండదు, చిన్న ఆకుల్లాంటి రెక్కల గుత్తి వస్తుంది, వాటి అంచుల్లో గింజలు కడతాయి. పుప్పొడి ఆడ మొక్క దాకా చేరాలి, సైకాడ్‌లలో చాలావాటికి గాలి కంటే చిన్న చిన్న పురుగులే ఆ పని ఎక్కువగా చేస్తాయి. మగ మొక్కా ఆడ మొక్కా ఒకే కాలంలో సిద్ధంగా ఉండాలి, మరీ దూరంగా ఉండకూడదు, పురుగులు ఉండాలి. ఒక్కో మొక్క ప్రతి ఏడూ శంకువు వేస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. ఇన్ని కలిసొస్తేనే నాలుగు గింజలు.

నాటు మందుల కోసం అడవి నుంచి ఎత్తుకొచ్చేది సరిగ్గా ఆ మగ శంకువునే. బలం మందు, మగతనం మందు, యవ్వనం తిరిగొచ్చే లేహ్యం, ఇలా రకరకాల పేర్లతో దాన్ని ఎండబెట్టి పొడి చేసి వాడతారు. మొక్కను పీకడం లేదు కదా, పైన వచ్చిన కాయలాంటిదే కోస్తున్నాం కదా, మామిడికాయ కోస్తే మామిడిచెట్టు చచ్చిపోతుందా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే, అందుకే జవాబు వివరంగా చెప్పాలి. ఒక గుట్ట మీద ఉన్న మగ మొక్కల్లో ఆ ఏడు శంకువు వేసినవి కొన్నే ఉంటాయి. ఆ కొన్నిటివీ పుప్పొడి రాలకముందే కోసుకెళితే, ఆ గుట్ట మీద ఎన్ని ఆడ మొక్కలున్నా ఆ ఏడు గింజ కట్టదు. మొక్కలన్నీ పచ్చగా కళ్లెదుటే ఉంటాయి, ఒక్కటి కూడా చావదు, చూసినవాళ్లు బ్రహ్మాండంగా ఉందంటారు. కానీ కొత్త మొక్క పుట్టదు. పదేళ్లు వరసగా ఇలా జరిగినా పైకి ఏమీ తెలియదు, ఎందుకంటే సైకాడ్ చాలా ఏళ్లు బతుకుతుంది, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. పిల్లలు లేని ఊరు కూడా కొన్నేళ్లపాటు మామూలు ఊరుగానే కనిపిస్తుంది.

ఇంకో సంగతి, సైకస్ మగ మొక్కలో శంకువు వచ్చేది సరిగ్గా పెరిగే చిగురు చోటే. శంకువు అయిపోయాక పక్కనుంచి కొత్త మొగ్గ లేచి మాను పెరుగుదలను కొనసాగిస్తుంది. కొడవలితోనో కత్తితోనో తొందరగా నరికేవాడు ఆ మొగ్గను చూసి, తప్పించి కోయడు. పైగా నడినెత్తిలోని మెత్తని మొవ్వును, మాను లోపలి గుజ్జును కూడా తీసుకునే అలవాటు ఉంది, అప్పుడు మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే.

మగ మొక్క, ఆడ మొక్క వేరువేరుగా ఉండటం అంటే ఎంత ప్రమాదమో తెలియాలంటే దక్షిణాఫ్రికా సైకాడ్ ఒకదాని గురించి చెప్పాలి. 1895లో జాన్ మెడ్లీ వుడ్ అనే ఆయన అక్కడి ఎన్‌గోయే అడవిలో ఒక సైకాడ్ గుంపును చూశారు, దానికి తర్వాత ఎన్సెఫలార్టస్ వుడీ అని పేరు పెట్టారు. అది మగ మొక్క. ఆ తర్వాత ఎంత వెతికినా ఆడ మొక్క దొరకలేదు. అడవిలో మిగిలిన చివరి మానును 1916లో తవ్వి తోటకు తీసుకెళ్లారు. ఈ రోజు ప్రపంచంలోని బొటానికల్ గార్డెన్లలో ఆ మొక్కలు చాలానే ఉన్నాయి, అన్నీ ఆ ఒక్క మగ మొక్క పిలకలే, ఒక్క సహజమైన గింజ లేదు. మొక్క బతికే ఉంది, జాతి ఆగిపోయింది. మనకు ఇంకా ఆ పరిస్థితి రాలేదు, మన కొండల్లో రెండూ ఉన్నాయి. కానీ ఏ గుట్ట మీద ఎన్ని మగవి, ఎన్ని ఆడవి, ఎన్ని పిల్ల మొక్కలు అన్న లెక్క ప్రజల ముందు ఉండాలి కదా, పులుల లెక్క ఉన్నట్టు!

మందు వాడేవాళ్లకు కూడా ఒక మాట నేరుగా చెప్పాలి. సైకస్ ప్రజాతి మొక్కల్లో సైకాసిన్ అనే విషం ఉంటుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుందని, ప్రయోగశాలలో జంతువులకు క్యాన్సర్ తెప్పించిందని దశాబ్దాల క్రితమే తేలింది. పసిఫిక్‌లోని గువామ్ దీవిలో సైకాడ్ గింజల పిండి తిన్న జనంలో నరాల జబ్బు ఎక్కువగా రావడానికీ ఈ మొక్కల విషాలకూ సంబంధం ఉందేమోనని ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాయి. సైకాడ్‌ను తిండిగా వాడిన చోటల్లా జనం దాన్ని రోజుల తరబడి నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి విషం తీసేసి తినడం నేర్చుకున్నది ఊరికే కాదు. మన దగ్గర రోడ్డు పక్క మూలికల కొట్టులో పొట్లం కట్టి ఇచ్చే పొడికి అలాంటి జాగ్రత్త ఏం తీసుకున్నారో అడిగేవాళ్లు లేరు. సిగ్గుపడి డాక్టర్ దగ్గరికి వెళ్లలేక ఇలాంటి పొడి కొనుక్కునే మగవాళ్ల మీద నాకు కోపం లేదు, జాలి ఉంది. చాలా వరకు అది షుగరో, బీపీయో, టెన్షనో అయి ఉంటుంది, దానికి సరైన వైద్యం ఉంది. ఆ పొడితో వాళ్ల కాలేయమూ పాడవుతుంది, కొండ మీద గింజా ఆగిపోతుంది.

ఈ కోత గురించి మాట్లాడగానే వేలు నేరుగా అడవి పక్కన బతికే యానాదుల మీదికి వెళుతుంది. ఇది నాకు నచ్చదు. చట్టమే వాళ్లకు మినహాయింపు ఇచ్చింది. 17ఏ సెక్షన్ ప్రకారం ఈ మొక్కలను కోయడం, పీకడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం నేరం, కానీ షెడ్యూల్డ్ తెగలవాళ్లు తాము ఉండే జిల్లాలో సొంత వాడకం కోసం సేకరించుకోవచ్చు. తరతరాలుగా సొంతానికి వాడుకున్నంత కాలం మొక్కకు ఏమీ కాలేదు. సొంత వాడకం కాస్తా బస్తాల సరుకుగా మారినప్పుడే సమస్య మొదలైంది, బస్తాకు డబ్బిచ్చేది అడవిలో ఉండడు, పట్నంలో ఉంటాడు. ఇలాంటి వ్యాపారంలో కొండెక్కి కోసుకొచ్చినవాళ్లకు ఎప్పుడూ కూలి డబ్బులే మిగులుతాయి. కేసు పెట్టాల్సి వస్తే అమ్మే కొట్టు దగ్గర, ఆన్‌లైన్‌లో మదనకామాక్షి అని బోర్డు పెట్టుకున్నవాళ్ల దగ్గర మొదలుపెట్టాలి. అది పెద్ద కష్టం కూడా కాదు, వాళ్లు దాక్కుని అమ్మరు, అది నేరమని కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ ఇద్దరికీ తెలియదు. తెలియజేయాల్సినవాళ్లు తెలియజేయలేదు.

రెండోది నిప్పు. 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం తగలబడినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోయడం టీవీల్లో అందరం చూశాం. ఆ స్థాయి మంట ఎప్పుడో గానీ రాదు. కానీ చిన్న మంటలు ఏటా వస్తాయి, వాటికి హెలికాప్టర్లూ రావు, కెమెరాలూ రావు. ఫిబ్రవరి వచ్చేసరికి బోద గడ్డి నిలువునా ఎండిపోతుంది, పారేసిన బీడీ ముక్క చాలు, కొత్త గడ్డి కోసం ఎవరో పెట్టిన నిప్పు చాలు, దొంగచాటుగా అడవిలో వంట చేసుకున్నవాళ్లు ఆర్పకుండా వదిలేసిన పొయ్యి చాలు.

ఇక్కడ సైకాడ్‌లకు నిప్పు గిట్టదు అని ఒక్క ముక్కలో చెప్పేస్తే తప్పవుతుంది. పెద్ద పేరిత మొక్క ఒక మోస్తరు మంటను తట్టుకుంటుంది. రాలిపోయిన ఆకుల మొదళ్లు మాను చుట్టూ గట్టి తొడుగులా మిగిలి లోపలి చిగురును కాపాడతాయి, ఆకులన్నీ కాలిపోయినా వానలకు మళ్లీ లేత ఆకుల చుట్టు వేస్తుంది. నల్లగా కాలిన కొండ మీద ముందుగా పచ్చబడేవాటిలో ఇదొకటి. అందుకే కాల్చినా ఏం కాలేదు అనిపిస్తుంది. కానీ ఆ తొడుగు రెండు మూడేళ్ల పిల్ల మొక్కకు ఉండదు. నేల మీద పడిన గింజకు అసలే ఉండదు. పేరిత గింజ పెద్దది, బరువైనది, గాలికి ఎగరదు, తల్లి మొక్క చుట్టుపక్కలే పడుతుంది, సరిగ్గా ఎక్కడ ఎండు గడ్డి ఎక్కువగా ఉంటుందో అక్కడే. ఏడెనిమిదేళ్లకు ఒకసారి మంట వస్తే మధ్యలో కొన్ని పిల్లలు గట్టిపడే టైమ్ దొరుకుతుంది. రెండేళ్లకోసారి, ఏటేటా వస్తే ఒక్కటీ దాటదు. అంటే కోత ఏ పని చేస్తోందో నిప్పూ అదే పని చేస్తోంది, ఒకటి గింజ కట్టనివ్వదు, రెండోది కట్టిన గింజను పెరగనివ్వదు, పెద్ద మొక్కలను మాత్రం రెండూ మన కళ్లముందే ఉంచుతాయి. ఉన్నాయి కదా అని మనం ఊరుకుంటాం.

వీటికి తోడు లాంటానా లాంటి కంపలు గడ్డి వాలుల్లోకి పాకుతున్నాయి, అవి మండితే మంట ఇంకా ఎత్తుకు లేస్తుంది. తిరుమలకు రోజుకు 60 వేల నుంచి 80 వేల మంది వస్తుంటే రోడ్లు, గదులు, పార్కింగ్‌లు పెరగకుండా ఉండవు. భక్తులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఏడుకొండలను దేవుడిగా కొలిచే జనం కంటే ఆ కొండను బాగా చూసుకోగలిగినవాళ్లు ఎవరుంటారు? కానీ కొత్త నిర్మాణం ఏదైనా మొదలుపెట్టే ముందు ఆ వాలులో ఏయే మొక్కలున్నాయో ఒక వృక్షశాస్త్రవేత్త నడిచి చూసి రాసిచ్చే పద్ధతి ఉండాలి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కొండ కిందే ఉంది, ఈ మొక్కలను తెలిసినవాళ్లకు తిరుపతిలో కరువు లేదు.

ఎర్రచందనంతో పోలిక ఇక్కడ తప్పదు. శేషాచలం అడవి గురించి పేపర్లో వచ్చే వార్తల్లో ఎక్కువ భాగం దాని గురించే. దానికి ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ ఉంది, చెక్‌పోస్టులున్నాయి, గోడౌన్లున్నాయి, అంతర్జాతీయ వేలాలున్నాయి. 2015 ఏప్రిల్ 7న ఆ దుంగల పేరుతో జరిగిన కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు, ఆ ఘటన మీద ప్రశ్నలు చాలాకాలం నడిచాయి. ఇంత జరుగుతున్న ఎర్రచందనం సైటీస్ రెండో అనుబంధంలో ఉంటే, ఎవరూ పట్టించుకోని పేరిత మొదటి అనుబంధంలో ఉంది. ఎర్రచందనానికి కాపలా తగ్గించమని నేను అనడం లేదు, అదీ మన కొండల మొక్కే, దాన్నీ నరికి పారేస్తున్నారు. పేరితకు తుపాకులు పెట్టమనీ అనను, ఆ దారి ఎక్కడికి పోతుందో చూశాం. నేను అడిగేది చిన్నది. అదే అడవిలో, అదే బేస్ క్యాంపుల్లో, దుంగల కోసం రాత్రీ పగలూ తిరిగే వాచర్లకు ఈ మొక్కను చూపించండి, మగదేదో ఆడదేదో చెప్పండి, శంకువు కోసిన గుర్తు కనిపిస్తే రాసుకోమనండి. జీతం అదే, నడిచే దారి అదే. కొండంతా కాళ్లతో తెలిసిన మనుషులు మనకు ఉన్నారు, వాళ్లకు ఒకే ఒక్క చెట్టు కోసం చూడమని చెప్పి పంపుతున్నాం.

ఇదంతా నేషనల్ పార్కే కదా, ఇంక భయమెందుకు అని కూడా అంటారు. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కును 1989లో ప్రకటించారు, 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు, రాష్ట్రంలో అదే మొదటిది. ఈ హోదాలు మంచివే, ఇవి లేకపోతే గనులో ఫ్యాక్టరీలో ఎప్పుడో కొండెక్కేవి. కానీ మంట పార్కు సరిహద్దు రాయి చూసి ఆగదు. సరిహద్దు మ్యాపు గీసినంత మాత్రాన లోపల పిల్ల మొక్క బతికిందో లేదో తెలియదు.

నర్సరీలో పెంచేస్తే సరిపోదా అన్నది ఇంకో వాదన, ఇది కొంచెం ఆలోచించాల్సింది. గింజలు తెచ్చి మొలకెత్తించి మళ్లీ కొండ మీద నాటడం మంచి పనే, చేయాలి కూడా, కానీ ఏ గుట్ట గింజలను ఆ గుట్టకే చేర్చాలి. సైకస్‌లో ఒక ఇబ్బంది ఉంది, పక్కపక్కన పెంచితే వేరువేరు జాతుల మధ్య సులువుగా సంకరం జరుగుతుంది. అందం కోసం జపాన్ సైకస్‌ను తెచ్చి కొండ మీది తోటల్లో పెడితే, దాని పుప్పొడి పేరిత ఆడ మొక్కల మీద పడే అవకాశాన్ని మనమే కల్పించినట్టు. నా మటుకు నేను తిరుమల తోటల్లో అలంకారానికి సైకస్ పెట్టాల్సి వస్తే పేరితనే పెట్టాలంటాను, పేరు రాసిన బోర్డుతో సహా, రోజూ వేల మంది చూసే చోట. టీటీడీకి సొంత అటవీ విభాగం ఉంది, సిబ్బంది ఉన్నారు, నర్సరీలు నడిపిన అనుభవం ఉంది. రక్షిత మొక్కను పెంచాలన్నా అమ్మాలన్నా చట్ట ప్రకారం లైసెన్సు తీసుకోవాలి కాబట్టి ప్రైవేటు వ్యాపారులకు తలుపులు తెరిచే ముందు ఇలాంటి సంస్థ ముందుకు రావడమే మేలు. అలిపిరి మెట్ల దారిలో నడిచే కుర్రాళ్లు అలసిపోయి కూర్చున్న చోట, ఈ మొక్క ప్రపంచంలో ఈ కొండల్లోనే ఉంది అని నాలుగు ముక్కలు చదివితే, రేపు వాళ్ల నాన్నకు ఎవరైనా ఆ పొడి అమ్మజూపినప్పుడు వద్దనడానికి అది సరిపోతుంది.

నిప్పు విషయంలో పని జనవరిలోనే మొదలవ్వాలి. అడవి మొత్తానికి ఫైర్ లైన్లు గీయడం అయ్యే పని కాదు, కానీ ఆడ మొక్కలు, పిల్ల మొక్కలు గుంపుగా ఉన్న వాలులు ఏవో ముందే గుర్తిస్తే వాటి చుట్టూ మాత్రం గడ్డి కోసి గీత తీయొచ్చు. ఆ పనికి బయటి కాంట్రాక్టర్ కంటే పక్క కాలనీల యానాదులే సరైనవాళ్లు. గడ్డి వాళ్లకు తెలుసు, గాలి ఎటు తిరుగుతుందో తెలుసు, శంకువు ఏ నెలలో వస్తుందో కూడా తెలుసు. శంకువు కోసుకొస్తే వ్యాపారి ఇచ్చే డబ్బు కంటే శంకువులను లెక్కపెట్టి, గింజలు పడేదాకా కాపలా కాస్తే ప్రభుత్వం ఇచ్చే కూలి ఎక్కువ ఉండాలి, అది కూడా బిల్లు పాసవ్వడానికి ఆరు నెలలు తిప్పించుకోకుండా వారం వారం చేతికి అందాలి. లెక్క తేలాక దాన్ని ఫైల్లో దాచకుండా గుట్టల పేర్లు బయటపెట్టకుండా మొత్తం సంఖ్యలు మాత్రం ప్రకటించాలి, ఎందుకంటే ఏ గుట్ట మీద ఉన్నాయో చెబితే దొంగకే దారి చూపినట్టవుతుంది. మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, ఆ ఏడు గింజ కట్టినవి ఎన్ని, మోకాలి ఎత్తు దాటని పిల్లలు ఎన్ని. ఈ నాలుగు అంకెలు ఐదేళ్లు వరసగా వస్తే చాలు, మనం చేస్తున్నది పనిచేస్తోందో లేదో అప్పుడు వాదించుకోవచ్చు.